వేగానికి మర్యాద

కాలేజీకి పోయే దారిలో రోడ్డు పక్కన ఒక బోర్డు ఉంది. ఎర్రటి సున్నాలో 40 అంకె, దాని కింద దేవనాగరి అక్షరాల్లో ‘వేగ మర్యాదా’ అని రెండు మాటలు. మూడేళ్ళుగా రోజూ దాని పక్కనుంచే పోతున్నాను. గంటకు నలభై కిలోమీటర్లు దాటొద్దని దాని అర్థం. మరాఠీలో మర్యాద అంటే హద్దు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి ఏం లాభం? కళ్ళు బోర్డు మీద పడగానే నాలో ముందు నిద్రలేచేది తెలుగువాడు. వాడికి అది వేగానికి మర్యాద చేయమన్నట్టే వినిపిస్తుంది. చెంబుతో కాళ్ళకు నీళ్ళిచ్చి, చాప పరిచి, ‘చాయ్ తాగుతవా వేగమా, అన్నమే తింటవా’ అని అడగమన్నట్టు. మా షేర్ ఆటో నడిపే ఆయనదీ తెలుగిల్లే. ఆయన కూడా బోర్డును నాలాగే చదువుతాడేమో, సరిగ్గా అక్కడికొచ్చేసరికి వేగాన్ని సగౌరవంగా పైకి లేపుతాడు. వెనక ముగ్గురు పట్టే సీట్లో ఐదుగురం, ముందు ఆయనకు అటొకరు ఇటొకరు. మర్యాదకు ఏ భాషలో అర్థం చెప్పుకున్నా ఆ ఆటోలో మాత్రం అది దొరకదు.

ఇంత చిన్న విషయం ఒక మనిషిని మూడేళ్ళు పీడించాలా అని నన్ను నేనే అడుగుతుంటాను. తప్పు బహుశా మేముండే చోటుది. సోలాపూర్‌లో మా తెలుగు పేటలన్నిటినీ కలిపి పూర్వ్ భాగ్ అంటారు. సాఖర్ పేట్, భద్రావతి పేట్, దాజీ పేట్, జోడ్‌బసవణ్ణ చౌక్, అశోక్ చౌక్ అన్నీ అందులోవే. మరాఠీలో పూర్వ అంటే తూర్పు. ఊరికి తూర్పు వైపు భాగం, అంతే. అదే మాటను తెలుగులో వినండి: పూర్వభాగం! ఎప్పుడో జరిగిపోయిన భాగం, రెండో సంపుటం ఇంకా అచ్చు కావలసిన నవల. ఎక్కడుంటావని అడిగితే ‘పూర్వభాగంలో’ అని చెప్పుకునే యోగం ఎందరికుంటుంది? అలాగని అది పూర్తి అబద్ధమూ కాదు. ఇక్కడ మొదటి మిల్లు 1877లో పెట్టారు. దాని పేరే జునీ మిల్లు, అంటే పాత మిల్లు. ఆ తర్వాత లక్ష్మీ, విష్ణు, నర్సింగ్‌గిర్జీ. మిల్లుల మీదా మగ్గాల మీదా ఆశతో నిజాం రాజ్యం నుంచి పద్మశాలీలు ఊళ్ళకు ఊళ్ళే కదిలొచ్చారు. మా తాత తండ్రి కరీంనగర్ వైపునుంచి వచ్చాడట. ఆ మిల్లులన్నీ ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిల్లు భోంగా కూసినప్పుడు ఊరంతా లేచేదనీ, అన్నం వండే వేళ కూడా భోంగానే చెప్పేదనీ నాయ్నమ్మ చెబుతుంది. భోంగా పోయింది. మేం మిగిలాం, సందుల్లో టవళ్ళూ దుప్పట్లూ నేసే సాంచాలతో.

సాంచాల పక్కన పెరిగినవాడికి నిశ్శబ్దం పడదు. మా గది గోడకు అవతలే టవళ్ళ కార్ఖానా. రాత్రంతా నాడెలు అటూ ఇటూ కొట్టుకుంటుంటే మేం హాయిగా నిద్రపోతాం. కరెంటు పోయి సాంచాలు ఆగాయా, ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడి లేస్తాం. పక్కింటి పసిపిల్ల ఏడుపు లంకించుకుంటుంది. ‘ఏమైందిరా’ అని నాయ్నమ్మ చీకట్లో అడుగుతుంది. ఏమీ కాలేదు, ఆ ఏమీ కాకపోవడమే భయం. ఎక్కాలు నేర్చుకున్నది ఆ చప్పుడు మీదే. పదిహేడో ఎక్కం ఇప్పటికీ సాంచా తాళం లేకుండా నా నోటికి రాదు. కాలేజీ గ్రంథాలయంలో గోడమీద ‘శాంతతా రాఖా’ అని రాసి ఉంటుంది. ఆ శాంతంలో నాకు ఒక్క ముక్క ఎక్కదు, కాలు దానంతటదే నేలమీద టకటకా కొట్టడం మొదలుపెడుతుంది. గొంతు సంగతి చెప్పనక్కర్లేదు. సాంచాల మధ్య బాపు మాట్లాడే పద్ధతే మా ఇంటి పద్ధతి. పరీక్షరోజు పక్కవాణ్ణి చెవిలో మెల్లగా పెన్ను అడిగాను. ముందు వరసల్లోంచి నాలుగు పెన్నులొచ్చాయి.

ఏడో తరగతి దాకా మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివి, ఎనిమిదిలో మరాఠీ బడిలో పడ్డాను. మొదటి పరీక్షకు సారు ‘ఉత్తరపత్రికా’ మీద పేరు రాయమన్నారు. ఉత్తరమా, పత్రికా, ఏదో ఒకటి తేల్చి చెప్పకుండా రెండూ కలిపితే ఎలా? మరాఠీలో ఉత్తరం అంటే జవాబు, పత్రిక అంటే కాగితం, వెరసి జవాబు పత్రం. అది తెలిసేలోగా పది నిమిషాలు పోయాయి. ఆ ఏడే మరాఠీ పరీక్షలో స్నేహితుడి తాతగారు చనిపోతే పరామర్శ లేఖ రాయమన్నారు. నాకు తెలిసిన అత్యంత గంభీరమైన మాట ఏరి, ‘తమ తాతగారి మరణం పట్ల మా కుటుంబమంతా తీవ్రమైన సంతాపం వ్యక్తం చేస్తోంది’ అని మరాఠీలో బల్లగుద్ది రాశాను. మరాఠీలో సంతాప్ అంటే మండిపాటు. తాతగారు పోయినందుకు మా కుటుంబం ఆగ్రహంతో ఊగిపోతోందని సారు క్లాసంతటికీ చదివి వినిపించారు. నవ్వు ఆగడానికి అర్ధగంట పట్టింది. మార్కులు మాత్రం పదికి నాలుగు వేశారు, చేతిరాతకట.

ఆ బడిలోనే ఇంకో నేరం కూడా నామీద పడింది. నా నోటుబుక్కులు తంబాకు వాసన కొడతాయి. బీడీలు తాగుతున్నానని ఒక టీచరు నా జేబులు తడిమి, నోరు వాసన చూసి, ఇంట్లోవాళ్ళను పిలుచుకు రమ్మన్నారు. అవ్వ వచ్చింది, అంటే మా అమ్మ. ఆమె చీర కొంగుకు నా నోటుబుక్కు కంటే పదింతలు వాసన. మా పేటలో ఏ ఇంట్లో చూసినా మగవాళ్ళు సాంచాల మీద, ఆడవాళ్ళు చాటల ముందు. తునికాకు తడిపి, కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, పొద్దస్తమానం వంగి కూర్చుంటే వెయ్యి బీడీలు అవుతాయి. బాగలేవని పక్కకు తీసేసినవి లెక్కలోకి రావు. నా ఫీజు ఆ చాటలోంచే వస్తుంది, నా పుస్తకాలు ఆ చాట పక్కనే ఉంటాయి, వాసన రాకుండా ఎలా ఉంటుంది? టీచరు అవ్వను చూసి ఏమీ అనలేదు. ‘ఫార్ కష్ట్ కర్తాత్ హే లోక్’ అని పక్కావిడతో అన్నారు. వీళ్ళు చాలా శ్రమ చేస్తారు అని. మరాఠీలో కష్ట్ అంటే పని, కష్టకరీ అంటే శ్రామికుడు. ‘కష్టాలు’ అన్నదొక్కటే అవ్వ చెవినపడి, దారంతా గుర్రుమంటూ వచ్చింది: ‘మాకేం కష్టాలని చెప్పినవ్‌రా ఆమెకు?’ రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మనిషి. మా చిన్నమ్మ కుంభారీలో గోదూతాయి పరులేకర్ కాలనీలో ఉంటుంది. బీడీ చుట్టే ఆడవాళ్ళకోసం కట్టిన 10,000 ఇళ్ళవి, మా కార్మిక నాయకుడు ఆడం మాస్తర్ ఏళ్ళ తరబడి కొట్లాడితే వచ్చాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారు. ఆ సభలో కష్టకరీ, కష్టకరీ అని వక్తలందరూ అంటుంటే, మన కష్టాలు ఢిల్లీ దాకా తెలిసిపోయాయని చిన్నమ్మ చుట్టుపక్కల వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. రెండు భాషల్లోనూ నిజమైన ఏడుపే అది.

అసలు తికమక భోజనాల దగ్గర మొదలవుతుంది. నా బెంచి మిత్రుడిది మరాఠీ ఇల్లు, ఊరికి అటువైపు. మొదటిసారి పోయినప్పుడు వాళ్ళమ్మ కడక్ భాకరీ విరిచి, శేంగా చట్నీ మీద పెరుగేసి పెట్టింది. ఇంకోటి, ఇంకోటి అంటూ ఆపడంలేదు. మిత్రుడు నవ్వుతూ, ‘మా అమ్మకు ఆగ్రహం ఎక్కువ’ అన్నాడు. నేను గబగబా నాలుగో భాకరీ తినేశాను. ఆగ్రహం గల తల్లితో ఎందుకొచ్చిన గొడవ? మరాఠీలో ఆగ్రహ్ అంటే పట్టుబట్టి కొసరి వడ్డించడమని తెలిసేసరికి నా కడుపు తలుపులు మూసేసింది. దీనికి తోడు మరాఠీలో రాగ్ అంటే కోపం. అంటే వాళ్ళ ప్రేమ మనకు కోపంలా, వాళ్ళ కోపం మనకు పాటలా వినిపిస్తుంది. ఇలాంటి ఊళ్ళో పెరిగినవాడు ఎదుటివాడి మనసు తెలుసుకోవడం మాటేమిటి, ముందు తన మనసు ఏ భాషలో ఉందో తేల్చుకోవాలి.

ఆ భాకరీలు అరిగేదాకా నడుస్తూ చార్ హుతాత్మా చౌక్ దగ్గరకొచ్చాను. బడిలో ప్రతి ఏడూ జనవరి 12న ఆ నలుగురు అమరవీరుల పేర్లూ చెప్పిస్తారు: మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ షిందే, శ్రీకిషన్ సార్డా. 1930 మేలో గాంధీని పట్టుకుపోయారన్న వార్త రాగానే మిల్లు కార్మికులు వీధుల్లోకొచ్చారు, కాల్పులు జరిగాయి, కొన్నాళ్ళపాటు ఊరు తెల్లవాళ్ళ చేతుల్లో లేదు. తర్వాత మార్షల్ లా పెట్టి, ఈ నలుగురినీ 1931లో ఎరవాడలో ఉరితీశారు. చిన్నప్పుడు సత్యాగ్రహం అంటే సత్యం కోసం వచ్చే ఆగ్రహం అనుకునేవాణ్ణి. తెలుగు పిల్లలు చాలామంది అనుకుంటారేమో. సత్యాన్ని పట్టుకుని వదలకపోవడం అని దాని అర్థం, అంటే గుజరాతీవాడైన గాంధీ అన్నది కూడా మా మిత్రుడి తల్లి ఆగ్రహమే, నాలుగో భాకరీ ఆగ్రహమే. కానీ 1930లో మా ఊళ్ళో జరిగిందాన్ని ఏ అర్థంతో చదవాలి? గాంధీ మాట మరాఠీ అర్థంలో బయల్దేరి, సోలాపూర్ చేరేసరికి తెలుగు అర్థంలోకి మారిపోయిందా? చరిత్ర సారును అడిగితే ‘సిలబస్‌లో లేదు’ అన్నారు.

సందేహం తీరక ఫోన్లో పాత నిఘంటువులు తెరిచాను. మోల్స్‌వర్త్ మరాఠీ నిఘంటువు ఒక పక్క, 1852లో వచ్చిన బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు ఒక పక్క. రేపు స్టాటిస్టిక్స్ పరీక్ష పెట్టుకుని రాత్రి పన్నెండింటికి చేసే పనా ఇది? తేలిందేమిటంటే, సంస్కృతంలో మర్యాద అంటే మొదట హద్దే, పొలం గట్టు లాంటిది. మరాఠీవాళ్ళు గట్టును ఉంచుకున్నారు, మనం గట్టు దాటకుండా నడుచుకునే తీరును ఉంచుకున్నాం. సంతాపం అంటే అసలు వేడి, కాగడం. దాన్ని వాళ్ళు కోపం వైపు తీసుకుపోయారు, మనం దుఃఖం వైపు. మే నెలలో మా పేటకు రండి, 44 డిగ్రీల ఎండలో రేకుల కప్పు కింద సాంచా నడిపే మనిషిని చూడండి. ఆ మాట అసలు అర్థం ఆయన బనియన్ మీద కనిపిస్తుంది. ఇక్కడ పడుగు ఒక భాష, పేక ఒక భాష అని ఒక పోలిక రాస్తే బాగుంటుందని నాకూ తెలుసు. సాలెల పిల్లవాడు రాసే ప్రతి వ్యాసంలోనూ అది ఉంటుంది కాబట్టి రాయను. ఒక్క మాట మాత్రం ఎటూ జారలేదు. మా పూర్వభాగం నుంచే ఎదిగి మరాఠీలో కవిగా పేరు తెచ్చుకున్న లక్ష్మీనారాయణ బొల్లి తన ఆత్మకథకు ‘ఏకా సాళియానే’ అని పేరు పెట్టారు. సాళీ అంటే సాలె. అటు చూసినా ఇటు చూసినా నేసేవాడే.

మాటలు ఎన్ని రకాలుగా మారినా ఊరు మొత్తాన్ని ఒకేసారి లేపగలిగేది నీళ్ళే. మాకు కుళాయి నీళ్ళు నాలుగైదు రోజులకోసారి. భీమానది మీద ఉజనీ డ్యాం నిండిందని పేపర్లో ఫొటో వస్తుంది, అదే రోజు మా డ్రమ్ము అడుగు కనిపిస్తుంది. పెళ్ళిముహూర్తం పెట్టేవాళ్ళు మా దగ్గర పంచాంగం కంటే ముందు నీళ్ళ రోజు చూస్తారు. ఏ రాత్రివేళ వస్తాయో తెలియదు. వచ్చాయంటే సందులో మూడు కేకలు లేస్తాయి: ‘నీళ్ళొచ్చినయ్’, ‘పాణీ ఆలం’, ‘నీరు బంతు’. ఉర్దూ మాట్లాడే చాచా ఏమీ అరవకుండా అందరికంటే ముందు పైపు తగిలిస్తాడు. చక్రపాణి అంటే చక్రాల మీద వచ్చే పాణీ, అనగా ట్యాంకర్ అని నేను కనిపెట్టిన నిర్వచనం మా కాలేజీలో బాగా చెలామణీలో ఉంది. పరీక్షలో ఎందుకు తక్కువ మార్కులొచ్చాయంటే ‘నిన్న నీళ్ళ రోజు సార్’ అని చెప్పొచ్చు. సోలాపూర్ సార్లు ఆ ఒక్క కారణాన్ని నమ్ముతారు, వాళ్ళూ ఆ రాత్రి బిందెలు మోసినవాళ్ళే కదా.

నా తెలుగు ఎంత గట్టిదో కరీంనగర్‌లో అత్తకూతురి పెళ్ళికి పోయినప్పుడు తేలింది. ఎవడో నా బ్యాగు మీద కూర్చుంటే, ‘నాకు రాగమొచ్చింది’ అన్నాను. ‘అయితే పాడు బావా’ అన్నారు మరదళ్ళు. ఆ మూడు రోజులూ ఏది మాట్లాడినా ముందు హార్మోనియం తెమ్మన్నారు. అక్కడ మగపెళ్ళివాళ్ళు మర్యాద సరిగా చేయలేదని అలిగి కూర్చున్నారు. మా ఊరి లెక్కన అది హద్దులు గీయలేదని అలగడం. ‘మర్యాదకు కూడా ఒక మర్యాద ఉండాలి కదా’ అని నేను మధ్యలో అన్న మాట ఎవరికీ అర్థం కాలేదు, అర్థం కాకపోవడమే మంచిదయింది. తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ దాటాక బస్సు 65వ నంబరు జాతీయ రహదారి మీద పోతుంటే ఒకటి తట్టింది. ఈ రోడ్డు ఒక కొస పుణెలో, రెండో కొస మచిలీపట్నంలో. మధ్యలో ఎక్కడో మర్యాద గట్టు మీదనుంచి దిగి కాళ్ళకు నీళ్ళిస్తుంది. ఆ చోట బోర్డు లేదు. జహీరాబాద్ దాటాక నిద్రపోయాను కాబట్టి చూడలేకపోయానేమో.

భాషల విషయంలో మా ఊరి పరువు నిలబెట్టినవాడు డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్. 1910లో ఇక్కడే పుట్టి, 1938లో వైద్య బృందంతో చైనా పోయి, చైనా భాష నేర్చుకుని, అక్కడి నర్సునే పెళ్ళి చేసుకుని, కొడుక్కి రెండు దేశాలూ కలిసేలా యిన్‌హువా అని పేరు పెట్టి, 32 ఏళ్ళకే 1942లో పోయాడు. శాంతారాం ఆయన మీద సినిమా తీశాడు. సోలాపూర్‌లో పుట్టినవాడికి ఇంకో భాష ఒక లెక్కా అని మేం గొప్పలు చెప్పుకుంటాం. మా తరంవాళ్ళం చైనా దాకా పోవడంలేదు. పొద్దున్నే హుతాత్మా ఎక్స్‌ప్రెస్ ఎక్కి పుణె పోతున్నాం, అదీ ఉద్యోగం కోసం. ఉద్యోగం అంటే గుర్తొచ్చింది. సిరిసిల్ల నుంచి వచ్చిన మామ హిందీ అక్షరాలు కూడబలుక్కుంటూ, ‘జిల్హా ఉద్యోగ్ కేంద్ర’ అన్న సర్కారీ బోర్డు చదివి నా భుజం పట్టుకుని ఆపేశాడు. ‘జిల్లాకే ఉద్యోగాల కేంద్రం ఊళ్ళనే ఉంటె పుణె ఎందుకురా పోవుడు? లోపలికి పోయి అప్లికేషన్ పెట్టుకోరాదు?’ మరాఠీలో ఉద్యోగ్ అంటే పరిశ్రమ, అది పరిశ్రమలు పెట్టేవాళ్ళ ఆఫీసు అని చెప్పాను. మామ ఎటో చూస్తూ, ‘పరిశ్రమ ఉంటెనే కదరా ఉద్యోగం’ అన్నాడు. మూతపడ్డ మిల్లుల ఊళ్ళో నిలబడి ఆ మాటకు జవాబు వెతకడం నా వల్ల కాలేదు. జవాబును మరాఠీలో ఉత్తరం అంటారు. నా దగ్గర ఏ రకం ఉత్తరమూ లేదు.

మొన్న ఆదివారం పక్క సందు మావ్‌శీ మా ఇంటికొచ్చింది. మరాఠీ ముసలావిడ, నాయ్నమ్మ ఈడుది. మా గదిలో ఒక గోడకు ఒకటే మేకు. పోటీపరీక్షలకు పనికొస్తుందని నేను బస్టాండ్ దగ్గర కొన్న ప్రపంచ పటం దానికే వేలాడుతుంది, పని అయ్యాక అవ్వ చాట కూడా దానికే వేలాడుతుంది. అందుచేత పగలు చూస్తే మా గోడమీద ఆఫ్రికా, ఆసియా సగం, ఐరోపా మొత్తం కనిపిస్తాయి. రాత్రి చూస్తే చాట, దాని అంచుల చుట్టూ కొంచెం సముద్రం. మావ్‌శీ గడపలో కూలబడి, మోకాళ్ళు పట్టుకుంటూ, అలవాటుగా అడిగింది: ‘కాయ్ గ, ప్రపంచ్ కసా చాల్‌లాయ్?’ మరాఠీలో ప్రపంచ్ అంటే సంసారం. ఇల్లెలా గడుస్తోందని అడగడమది. నాయ్నమ్మ పుట్టి పెరిగింది సోలాపూర్‌లోనే, డెబ్బై ఏళ్ళుగా ఆ మాట వింటోంది, తెలియకపోయే ప్రశ్నే లేదు. అయినా ఆమె తల తిప్పకుండా వక్క కొరుక్కుంటూ వెనక గోడవైపు బొటనవేలు చూపించి, తెలుగులోనే చెప్పింది: ‘అగో, ఆ మేకుకే ఉన్నది.’ మావ్‌శీ చూసింది. చాట ఉంది. సరేనన్నట్టు తలూపింది. నాయ్నమ్మ తెలిసి అందో తెలియక అందో అడుగుదామనుకునేలోగా కరెంటు పోయింది, సాంచాలు ఆగాయి, పక్కింటి పసిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది.